బొమ్మ నాది, పేరు నీది

వెలగలంక,
22 మే 2006.

దుర్గకి,

క్షేమ సమాచారాలు కింద రాస్తాను. ముందు తిట్లు తిను.

నిన్న మీ బావ టెన్త్ రిజల్ట్స్ చూడ్డానికి రాజోలు ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళాడు. మన పేట పిల్లల నంబర్లన్నీ చీటీ మీద రాసుకుని పెద్దమనిషిలా బయల్దేరాడులే. నంబర్లు అయిపోయాక ఆ సెంటరాయన సరదాకి "మీ ఊరి పేరు కొట్టి చూద్దామా ఏసుబాబు గారూ" అన్నాట్ట. కొట్టాడు. ఏమొచ్చిందనుకున్నావు? మాణిక్యాంబ, తండ్రి పేరు సూరన్న, ఊరు వెలగలంక, తూర్పు గోదావరి జిల్లా, వయసు ముప్పై ఏడు అని సాక్షాత్తూ నా పేరు. పక్కన నీ బొమ్మ! నీలం చీర కట్టుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నావట. కింద పాస్‌పోర్టు నంబరు కూడా వేశారట. ఆ టైములో సెంటర్లో మన ఊరివాళ్ళు ముగ్గురున్నారు.

ఎవరు పెట్టారే అది? ఎందుకు పెట్టారు? ముప్పై నిండని ఆడదాన్ని దుబాయ్‌లో ఇంటిపనికి వెళ్ళనివ్వరని ఆ ఏజెంటు నాగబాబు చెబితే, నా కాయితాల మీద నీ ఫొటో అంటించి పంపాం. ఇరవై ఒక్కేళ్ళ పిల్లవి, నా వయసు కనపడాలని తలకి పౌడరు రాసి మరీ ఫొటో తీయించాం. తప్పే. తప్పని తెలిసే చేశాం. ఆ తప్పు నాలుగేళ్ళుగా మన ముగ్గురి దగ్గరా, ఆ నాగబాబు దగ్గరా పడి ఉంది. ఇప్పుడు కరెంటున్న ప్రతి ఊళ్ళోనూ ఉంది.

వెంటనే తీయించు. ఎవరి కాళ్ళు పట్టుకుంటావో పట్టుకో. ఫోను మాత్రం చెయ్యకు. ఫోనుండేది వెంకటరాజు గారి కొబ్బరికాయల కొట్లో. నేను 'ఊ' అన్నా ఊరంతా వింటుంది.

మేం బాగున్నాం. గేదె ఈనింది.

ఇట్లు అక్క,
మాణిక్యాంబ (అసలుది).


కల్బా,
4 జూన్ 2006.

అసలు మాణిక్యాంబ గారికి, నకిలీ మాణిక్యాంబ నమస్కారాలు.

తిట్లు అందాయి. ఇంకా కొన్ని ఉంటాయనుకున్నాను, స్టాంపుల బరువు చూసి తగ్గించినట్టున్నావు. గేదె ఈనింది సరే, పెయ్యా దున్నా అన్నది రాయలేదు. ముప్పై ఏడేళ్ళ మొహం వేసుకుని నెట్టులో నవ్వుతున్నందుకు నాకేం బాధ లేదు. నీకంటే బాగానే ఉన్నాను.

అది నాకు తెలీకుండా జరిగిన పనక్కా. నన్ను ఈ ఇంటికి పంపిన బర్ దుబాయ్ ఆఫీసువాళ్ళు వాళ్ళ దగ్గరున్న పనివాళ్ళ ఫైళ్ళన్నీ ఇంటర్నెట్లో పెట్టారట. దుబాయ్ దాకా పోనక్కర్లేకుండా ఈ కల్బాలోనే వీసా ఫారాలు అరబ్బీలో కొట్టిపెట్టే టైపింగ్ సెంటరొకటుంది. నడిపేది సనావుల్లా గారని రాయచోటి ఆయన. శుక్రవారం సెలవడిగి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన వెతికి తలూపారు.

"ఇది ఒక తావున లేదమ్మా, రెండు తావుల్లో ఉండాది. ఆఫీసోళ్ళు పెట్టింది ఇంకెవరో ఎత్తుకోని డైరెక్టరీ అని పెట్టుకున్నారు. కొళాయి కట్టేస్తే చాలదు, తొట్లో నీళ్ళు గూడా పారబొయ్యాల" అన్నారు.

ఇంగ్లీషులో ఉత్తరం కొట్టి రెండుచోట్లకీ పంపారు. రెండుచోట్ల నించీ ఒకటే జవాబు. పేజీలో ఉన్న మనిషే సంతకం చేసి, గుర్తింపు కాయితం జతచేసి అడగాలట. అదెంత పని! నాలుగేళ్ళుగా నీ సంతకం పెడుతూనే ఉన్నాను. నీ 'ణ' కంటే నా 'ణ' గుండ్రంగా వస్తుంది కూడా. పాస్‌పోర్టు ఈ ఇంటి యజమాని, మేం బాబా అంటాం, ఆయన బీరువాలో ఉంది. నకలు తీసుకుంటానంటే కాదనడు. నువ్వు సరే అని ఒక్క ముక్క రాయి, పంపేస్తాను.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఇన్నేళ్ళలో నీ పేరున నేను బ్యాంకులో సంతకం పెట్టాను, ఆసుపత్రిలో పెట్టాను. ఎప్పుడూ నీకు చీమ కుట్టినట్టయినా లేదు. ఇప్పుడింత కంగారేమిటి? ఏదో దాస్తున్నావు.

దుర్గ.


వెలగలంక,
16 జూన్ 2006.

దుర్గా,

సంతకం పెట్టకు! ఈ ఉత్తరం అందేలోగా పెట్టేసి ఉంటే మాత్రం మన కొంప మునిగినట్టే.

దాచిన సంగతి చెబుతాను. పంచాయతీ ఎన్నికలొస్తున్నాయి. మన ఊరి సర్పంచ్ పదవి ఈసారి ఎస్సీ ఆడవాళ్ళకి రిజర్వయింది. డ్వాక్రా గ్రూపు పన్నెండు మందీ వచ్చి అరుగు మీద కూచున్నారు. "నువ్వు నిలబడతావా, మమ్మల్నిక్కడే కూచోమంటావా" అన్నారు. టీ పెట్టడానికి గ్లాసులు చాలలేదు, ఒప్పేసుకున్నాను. అలా అని రాశాను గాని దుర్గా, నాకూ నిలబడాలనే ఉంది. ఇన్నేళ్ళూ ఆ కుర్చీ వెంకటరాజు గారి ఇంట్లోనే ఉంది. ఈసారి కూడా పోనివ్వకూడదని, తన తోటలో కాయలు వలిచే మనిషి పెళ్ళాం చేత నామినేషన్ వేయిస్తున్నాడు. ఆవిడ వేలిముద్ర వేస్తుంది, ఈయన పెత్తనం చేస్తాడు. మన పేట నించి తన నోటితో తను మాట్లాడే మనిషి ఆ కుర్చీలో కూచోవడం ఒక్కసారైనా చూడాలని ఉంది. ఆ మనిషిని నేనే కావాలని కూడా ఉంది.

రాజోలు సెంటర్లో ఆ పేజీ చూసిన ముగ్గురిలో ఒకడు వెంకటరాజు గారి గుమస్తా. మాణిక్యాంబ దుబాయ్‌లో ఉంది, ఇక్కడున్నది ఎవరో అని అప్పుడే మొదలెట్టారు. ఇప్పుడు నువ్వు అక్కణ్ణించి 'మాణిక్యాంబనైన నేను' అని సంతకం పెడితే వాళ్ళకి మనమే సాక్ష్యం రాసిచ్చినట్టు. వేరే దారి చూడు.

ఇంకో సంగతి. అందులో నీ పని 'హౌస్ మెయిడ్' అని ఉందట. నేను ఊళ్ళో నువ్వు నర్సువని చెప్పాను. మొదట్లో ఎవరో అడిగితే నోట్లోంచి వచ్చేసింది, తర్వాత దాన్ని నిలబెట్టుకోవాల్సొచ్చింది. పేజీ మొత్తం తీయించడం కుదరకపోతే ఆ ఒక్క మాటైనా చెరిపించు. దానికి సంతకాలు అక్కర్లేదేమో కనుక్కో.

పెయ్య. తెల్లమచ్చ ఉంది.

అక్క.


కల్బా,
27 జూన్ 2006.

అక్కా,

నర్సా?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగేళ్ళుగా నేను ఊళ్ళో నర్సునన్నమాట. నేను పంపిన ఫొటోలు ఎవరికీ చూపించలేదని బావ ఒకసారి నోరు జారాడు. చేతిలో చీపురుందని దాచావా?

నా పని చెబుతాను విను. ఈ ఇంట్లో పదకొండు మంది. వంట నాది, ముగ్గురు పిల్లల స్నానాలూ బళ్ళూ నావి, బీరువా తాళాలు నా నడుముకే ఉంటాయి. ఇంటి పెద్దావిడని మామా అంటాను. ఆవిడ తుంటి విరిగి మంచాన పడితే ఐదు నెలలు నేనే ఎత్తి కూచోబెట్టాను, నేనే తిప్పి పడుకోబెట్టాను. వీపు మీద ఒక్క పుండు పడలేదు. ఎవరు చూసుకుంటున్నారీమెని అని డాక్టరే అడిగాడు. నేను సిగ్గుపడే పని ఒక్కటి కూడా చెయ్యలేదక్కా. నా తరఫున నువ్వు పడుతున్నావు.

నేనూ ఒక అబద్ధం రాశాను. ఆ పేజీ నాకు తెలీకుండా పెట్టింది కాదు. నేనే పెట్టించాను. పోయినేడాది బాబా నన్ను మాన్పించేద్దామనుకున్నాడు. వేరే ఇల్లు చూడమని బర్ దుబాయ్ ఆఫీసుకి వెళ్తే అక్కడి ముదీర్, అంటే మేనేజరు, "మీ ఇంటివాళ్ళ చేత నాలుగు ముక్కలు రాయించుకురా, ఇంటర్నెట్లో పెడతాం" అన్నాడు. మామా చెప్పింది, పెద్ద మనవరాలు ఇంగ్లీషులో రాసింది. ఫొటో కోసం నీలం చీర ఇస్త్రీ చేసుకున్నాను. అదంతా అయ్యాక మామా నన్ను వదలనని మంకుపట్టు పట్టింది, ఇక్కడే ఉండిపోయాను. అయినా ఆ పేజీ తీసెయ్యమని నేను చెప్పలేదు. నా గురించి ఎవరైనా అచ్చులో మంచి మాట రాయడం అదే మొదటిసారి. సెలవు దొరికినప్పుడల్లా సనావుల్లా గారి దగ్గరికెళ్ళి చూసుకుని వచ్చేదాన్ని. పేరు నీదని తెలుసు. బొమ్మ నాదే కదా అనుకునేదాన్ని.

ఆ మాట చెరిపించను. మొత్తం పేజీ పోవాలంటే ఆ మనిషే అడగాలన్నారు. ఆ మనిషివి నువ్వు. నీ ఓటరు కార్డు పెట్టి నువ్వే అడుక్కో.

విజయదుర్గ.


వెలగలంక,
12 జూలై 2006.

దుర్గా,

నీకు జవాబు రాద్దామని మూడుసార్లు కూచుని లేచాను. ముందు జరిగింది చెబుతాను.

నామినేషన్ వేశాను. మర్నాడు తెల్లారేసరికి ఆ పేజీ జెరాక్సులు ఊరంతా అంటించి ఉన్నాయి. పాలకేంద్రం గోడకి, రేషన్ షాపు తలుపుకి, చర్చి గేటుకి కూడా. కింద ఎర్ర ఇంకుతో 'మన కాబోయే సర్పంచ్ దుబాయ్ పనిమనిషి' అని రాశారు. మీ బావ చింపబోతే ఆపాను. చింపితే భుజాలు తడుముకున్నట్టే కదా.

ఒకటి పీకి తెచ్చి మన హైస్కూలు హెడ్మాస్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. మొత్తం తెలుగులో చెప్పండి, ఒక్క ముక్క వదలొద్దు అన్నాను. పేరూ ఊరూ అయ్యాక కింద చిన్నక్షరాల్లో ఉన్నది చదివారు. "మూడేళ్ళుగా మా ఇంట్లో ఉంది. తాళాలు ఈమె దగ్గరే ఉంటాయి. మా పిల్లల హోంవర్కు పక్కన కూచుని తనంతట తానే అరబ్బీ చదవడం నేర్చుకుంది. నాకు చదువు రాదు. రోజూ పేపరు చదివి వినిపిస్తుంది. ఈమె వచ్చాకే ఊళ్ళో ఏం జరుగుతోందో నాకు తెలుస్తోంది." హెడ్మాస్టరు గారు రెండోసారి కూడా చదివారు, ఈసారి తనకోసం. "ఎవరమ్మా ఈ అమ్మాయి, మన బళ్ళో చదివిన పిల్లేనా" అని అడిగారు. కాయితం లాక్కుని వచ్చేశాను.

నీకు అరబ్బీ చదవడం వచ్చా? ఎందుకు చెప్పలేదే? నేను ఏడో తరగతి చదివినందుకే మీ బావ దగ్గర ఇప్పటికీ గొప్పలు పోతున్నాను. నువ్వు ఇంకో భాష నేర్చేసుకుని, ఊరుకున్నావు.

వచ్చే శుక్రవారం నామినేషన్ల పరిశీలన. వేసింది అసలు మాణిక్యాంబ కాదని రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టారు. పుట్టిన ఊళ్ళో నేను నేనేనని ఋజువు చేసుకోవాలట. పేరు కలిసిన మనిషి ఎవరో ఉంది, నాకు తెలీదు అని చెబితే సరిపోతుందని ప్లీడరు చెప్పాడు. బావా నేనూ అలాగే అనుకున్నాం.

నర్సు సంగతి గురించి ఏం రాయాలో తెలీడం లేదు.

అక్క.


కల్బా,
20 జూలై 2006.

అక్కా,

నీ ఉత్తరం ఇవాళే అందింది. పరిశీలన రేపు. ఇది నీకు చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

తెలీదనే చెప్పు. నేనేమీ అనుకోను. పోయిన ఉత్తరంలో ఒళ్ళు మండి రాశాను. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. నీ చీర కొంగు పట్టుకునే పెరిగాను. నీ పేరు కూడా తీసుకుని దేశం దాటాను. నీ కుర్చీకి నేను అడ్డం పడ్డానంటే నాకు అన్నం సయించదు. నర్సన్నా సరే, అసలు నీకు చెల్లెలే లేదన్నా సరే. గెలిచి రా.

అరబ్బీ సంగతి ఎందుకు చెప్పలేదంటావా? పనిమనిషికి చదువెందుకే అని నవ్వుతావేమోనని భయమేసింది.

దుర్గ.


వెలగలంక,
22 జూలై 2006.

దుర్గా,

నిలబడి రాస్తున్నాను. కూచోబుద్ధి కావడం లేదు.

నిన్న పంచాయతీ ఆఫీసు నిండిపోయింది. ఎన్నికల అధికారి అమలాపురం మనిషి, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని చూస్తాడు. వెంకటరాజు గారు లేచి చేతులు కట్టుకుని వినయంగా మొదలెట్టాడు.

"అయ్యా, ఆ మాణిక్యాంబ దుబాయ్‌లో పాచిపని చేసుకుంటందండి. కాయితం తమరి ముందే ఉందండి. ఈవిడెవరో నాకైతే తెలవదండి."

ఇరవై ఏళ్ళు వాళ్ళ తోటలో కాయలేరిన దాన్ని తెలీదన్నాడు. ఆయన మొహం కేసి చూశాను, చూపు తిప్పుకున్నాడు.

అధికారి నన్ను పిలిచాడు. "ఈ పేరు నీదేనా?"

"నాదేనండి."

"ఫొటో?"

"కాదండి."

"మరెవరిది?"

తెలీదండి అన్న మాట నోట్లో తయారుగానే ఉంది. ప్లీడరు చెప్పింది, బావతో అనుకున్నది, పొద్దున్న దారి పొడుగునా వల్లించుకున్నది అదే. ఆ కాయితం నా చేతికిచ్చాడు. నీలం చీరలో నువ్వు నవ్వుతున్నావు. ఇన్నాళ్ళూ అది నా ఎన్నికకి అడ్డంపడ్డ కాయితంలాగే కనపడింది. నిన్న మొదటిసారి అందులో నిన్ను చూశాను దుర్గా. నువ్వంత ధీమాగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఎలా తెలీదనను?

"మా చెల్లెలండి" అన్నాను. "విజయదుర్గండి. వయసు చాల్లేదని నా కాయితాల మీద మేమే పంపామండి. పెద్దదాన్నండి, తప్పు నాది. దానికేం తెలీదండి అప్పుడు."

వెనకనించి ఎవడో అరిచాడు. "నర్సన్నావ్ కదే!"

"అబద్ధం చెప్పాను" అన్నాను. వెనక్కి తిరిగి అందరికీ వినపడేలాగే అన్నాను. "ఇంటిపని అని చెప్పడానికి సిగ్గేసి అబద్ధం చెప్పాను. మన పేటలో సగం మంది ఆడాళ్ళు ఎవరో ఒకరింట్లో అంట్లు తోమినోళ్ళే. నేనూ తోమాను. మరి ఎవరికి సిగ్గుపడ్డానో నాకే తెలవదు. ఎర్ర ఇంకుతో రాశారు కదండీ పనిమనిషని, కింద చిన్నక్షరాలు కూడా చదవండి."

హెడ్మాస్టరు గారు నేను పిలవకుండానే లేచొచ్చారు. నా చేతిలో కాయితం తీసుకుని పైకి చదివారు, తాళాల దగ్గర్నించి పేపరు దాకా. చదివాక "ఈ పిల్ల మన బళ్ళో తొమ్మిది దాకా చదివింది, ఇప్పుడు గుర్తొచ్చింది, మొదటి బెంచీ" అన్నారు. నాకింత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పాస్‌పోర్టు సంగతి నా పరిధిలోది కాదు, అది చూడాల్సినవాళ్ళు చూస్తారు. ఈవిడ ఈ ఊరి ఓటరా కాదా అన్నదే నాకు కావాలి. చెప్పగలిగినవాళ్ళున్నారా" అన్నాడు. డ్వాక్రా పన్నెండు మందీ ఒక్కసారే మొదలెట్టారు. ఒకావిడ నా పెళ్ళి సంగతి చెబుతోంది, ఇంకొకావిడ నా పురుడు సంగతి. చాలు చాలని రెండు చేతులూ ఎత్తేశాడు. ఓటరు లిస్టు, రేషన్ కార్డు చూసుకుని నామినేషన్ ఆమోదించాడు.

అక్కణ్ణించి నేరుగా రాజోలు వెళ్ళి ఆ రెండుచోట్లకీ నేనే అర్జీ కొట్టించాను. ఇలా చెప్పాను, సెంటరాయన ఇంగ్లీషు చేశాడు: "వెలగలంక మాణిక్యాంబను నేనే. నేను ఏ దేశమూ వెళ్ళలేదు. మీ పేజీలో పేరు నాది, బొమ్మ నాది కాదు, ఆ మెప్పు కూడా నాది కాదు. ఆ రెండూ మా చెల్లెలివి. నాది కాని గొప్పతనం నాకొద్దు. నా పేరూ ఊరూ నంబరూ తీసెయ్యండి." ఓటరు కార్డు జత చేశాను.

నేను చెప్పిన నిజం అక్కడ నీ మెడకి చుట్టుకుంటుందని తెలుసు. నిన్నడక్కుండా చెప్పేశాను, క్షమించు. నర్సన్నందుకు కూడా క్షమించు. అది ఈ ఉత్తరం మొదట్లోనే రాయాల్సింది.

అక్క.


కల్బా,
24 ఆగస్టు 2006.

వెలగలంక గ్రామ సర్పంచ్ శ్రీమతి మాణిక్యాంబ గారి సమక్షానికి,

ఇరవై మూడు ఓట్ల తేడాతోనా! బావ ఫోనులో చెబుతూ ఏడ్చేశాడు. అదీ వెంకటరాజు గారి కొట్లోంచే చేశాడట, కావాలనే. ఇక్కడ నేను వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఇంట్లోవాళ్ళు పిల్లి దూరిందనుకున్నారు.

పేజీ పోయింది. సనావుల్లా గారు రెండుచోట్లా వెతికారు, ఊరి పేరుతో వెతికారు, నంబరుతో వెతికారు. "లేదు తల్లీ, ఖలాస్" అన్నారు. సంతోషపడాలి కదా. బయటికొచ్చి సముద్రం పక్కన రాళ్ళమీద కూచుని ఏడ్చాను. ఆ నాలుగు మంచి ముక్కలూ పోయాయి. కాసేపు ఏడ్చాక నీ ఉత్తరం తీసి మళ్ళీ చదువుకున్నాను. నువ్వు ఊరి ముందు నిజం చెప్పావు. నేనింకా ఇక్కడ నీ పేరుతో పలుకుతున్నాను. అది న్యాయం కాదనిపించింది.

మర్నాడు మామాకి చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టి, ఉన్నదంతా చెప్పాను. ఆవిడ "నాలుగేళ్ళు నా చేత ఇంకెవరి పేరో పిలిపించావు" అంది. రెండు రోజులు నా చేత పేపరు చదివించుకోలేదు. అన్నం పెడితే పళ్ళెం వైపే చూస్తూ తినేది. ఆ రెండు రోజులూ నాకు నరకమే. మూడోరోజు పొద్దున్న పేపరు నా ముందుకు తోసి "చదువు బింతీ" అంది. కూతురా అని. కొంచెం ఆగి, "నీ అసలు పేరు మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను. రెండు మూడుసార్లు తప్పు పలికి, నాలుగోసారికి సరిగ్గా పలికింది.

బాబా మాత్రం కుదరదన్నాడు. తప్పుడు పేరున్న మనిషిని ఇంట్లో ఉంచుకుంటే నా వీసాకి పూచీదారు, అదే కఫీల్‌గా, రేపు తనని అడుగుతారు కదా, ఆయన్నీ అనడానికి లేదు. వీసా రద్దు చేసి పంపేస్తానన్నాడు. కేసు పెట్టనని తల్లికి మాటిచ్చాడు. నిన్న ఆయనే దుబాయ్‌లో మన కన్సులేట్‌కి తీసుకెళ్ళాడు. పాస్‌పోర్టు బల్లమీద పెట్టి ఇది నాది కాదని చెప్పాను. నా పేరున ఊరికి పోవడానికి కాయితం ఇస్తారట. ముప్పై నిండేదాకా మళ్ళీ ఈ పనికి రావడం కుదరదు. అయిదేళ్ళు. మామా అప్పటిదాకా ఉంటానంటోంది.

ఒక చిక్కుంది. విజయదుర్గనని చెప్పడానికి నా దగ్గర ఒక్క కాయితం కూడా లేదక్కా. బడి కాయితాలు తొంభై ఆరు తుఫానులో పోయాయి, తర్వాత చేసిందల్లా నీ పేరునే. "మీ ఊరి సర్పంచ్ చేత ధ్రువపత్రం తెప్పించుకో" అన్నాడు ఆఫీసరు. "తెప్పిస్తానండి, కాని మా సర్పంచ్ చాలా గట్టి మనిషండి" అన్నాను. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకి అర్థం కాలేదు.

దుర్గ.


వెలగలంక,
4 సెప్టెంబరు 2006.

దుర్గకి,

ధ్రువపత్రం ఇందులోనే ఉంది, నలిగిపోకుండా అట్టముక్క పెట్టాను. మొన్న ఎస్సై పిలిపించి పాస్‌పోర్టు సంగతి రాయించుకున్నాడు. నాగబాబు పేరు, నా పేరు రెండూ చెప్పాను. పిలిచినప్పుడల్లా రమ్మన్నాడు, వస్తానన్నాను.

పంచాయతీ సెక్రటరీ అచ్చు ఫారం తెచ్చాడు. "సొంత చెల్లెలికి మీరే ఇచ్చుకుంటే బాగుంటదాండీ" అని నసిగాడు. "ఊళ్ళో ఇంకో సర్పంచ్ ఉంటే పిలుచుకురండి" అన్నాను. ఫారంలో పేరూ, తండ్రి పేరూ, వయసూ, నివాసం, అంతే ఉన్నాయి. పని రాయడానికి గడి లేదు. గీయండన్నాను. అలాంటి రివాజు లేదన్నాడు. స్కేలు నేనే తీసుకుని గీశాను. మిగతాదంతా ఆయన దస్తూరీ, ఆ గడిలోది నాది. సర్పంచ్‌గా ఇదే నా మొదటి సంతకం. బావ అడిగితే చెప్పకు గాని, సాధన కోసం ముందు పాత క్యాలెండరు వెనక పదిసార్లు పెట్టి చూసుకున్నాను.

చదివి చూసుకో, తప్పులుంటే చెప్పు:

"వెలగలంక గ్రామ కాపురస్తుడు కీర్తిశేషులు సూరన్న గారి రెండవ కుమార్తె విజయదుర్గ, వయసు ఇరవై అయిదు సంవత్సరాలు, ఈ గ్రామంలోనే పుట్టి పెరిగినదనియు, ఈమెను పుట్టిన నాటినుండి నేను స్వయంగా ఎరుగుదుననియు ధ్రువీకరించడమైనది.

చేయు పని: ఇంటి పని. అరబ్బీ చదవగలదు.

మాణిక్యాంబ,
సర్పంచ్, వెలగలంక."